ఆదివారం వాక్యం: ఒక్క వచనం చదివి బైబిల్ మూసేయడమేనా?

హూడి_మనోహర్
మాది బెంగుళూరులో హూడి వైపు ఒక తెలుగు సంఘం, పేరెందుకులెండి. సొంత మందిరం లేదు. ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకుంటాం. మధ్యాహ్నం ఎవరిదో ఒకరి సీమంతం ఉంటుంది కాబట్టి ఒంటిగంటకల్లా చాపలతో సహా ఖాళీ చేయాలి. పాటలు, సాక్ష్యాలు, ప్రకటనలు, కానుక అన్నీ అయ్యాక వాక్యానికి ముప్పావు గంట మిగులుతుంది. నా బాధ ఆ ముప్పావు గంట గురించే.

పాస్టరు గారు ఒక వచనం తీయమంటారు. అందరం కలిసి చదువుతాం. ఇక బైబిల్ ఒళ్ళో ఊరికే ఉంటుంది. ఆయన చిన్నప్పటి ఊరి కథ, ఎవరికో వీసా వచ్చిన కథ, "పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుని చెప్పండి" అనడం, ఆమేన్. మొన్న ఆదివారం యిర్మీయా 29:11 తీశారు. దేవుడు మన గురించి తలపెట్టినవి సమాధానకరమైన ఉద్దేశాలే అన్న వచనం. ఈ ఏడాది ప్రమోషన్, సొంత ఇల్లు, పిల్లల సీటు అంటూ సాగింది. ఇంటికొచ్చి అధ్యాయం మొత్తం చదివాను. అది బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకి యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం! సరిగ్గా పై వచనంలో 70 ఏళ్ళు గడిచాకే వెనక్కి రప్పిస్తానని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళు ఆ రోజు చూడకుండానే పోయుంటారు. ఆ ముక్క మా హాల్లో ఎవరి చెవినా పడలేదు.

ఆయన మంచి మనిషి, అందులో సందేహం లేదు. కానీ వారం వారం వాక్యం అంటే లేఖనాన్ని విప్పి చెప్పడమా, మనకి ధైర్యం చెప్పి పంపడమా? ఆయనతో ఈ మాట అనొచ్చా? అంటే ఎలా అనాలి?

కిటికీలో_ఐతుకు
పౌలంతటివాడు అర్ధరాత్రిదాకా చెప్తే నా పేరుగలవాడు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు (అపొస్తలుల కార్యములు 20). నువ్వు మేలుకుని విన్నావు, పైగా ఇంటికెళ్ళి అధ్యాయం చదివావు. ఆ ప్రమోషన్ ఏదో నీకే ఇవ్వాలి.

కేఆర్‌పురం_అక్క
మనోహర్ తమ్ముడూ, నీ మాట తప్పనను. కానీ మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది ఆ వచనం ఫ్రిజ్ మీద అంటించుకుని బతికాం. అప్పుడెవరైనా వచ్చి "అది బబులోను వాళ్ళకమ్మా, మీకు కాదు" అనుంటే నేను ఆరాధనకి వెళ్ళడం మానేసేదాన్నేమో. వారమంతా మేనేజరు సతాయింపు, ఓనరు అద్దె పెంచడం, అత్తగారి మందులు. ఆదివారం కూడా క్లాసులో కూర్చోబెడితే ఇక ఊపిరి తీసుకునేది ఎక్కడ?

హూడి_మనోహర్
అక్కా, వచనం తీసేయమనట్లేదు. ముందూ వెనకా కూడా చెప్పమంటున్నా, అంతే.

పాత_బెరయ
ముందూ వెనకా చెబితే అక్క ధైర్యం ఏమీ తగ్గదు. ఒకసారి వరసగా చూడండి.

28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త వస్తాడు. రెండేళ్ళలో బబులోను కాడి విరిగిపోతుంది, తీసుకుపోయిన మందిరం ఉపకరణాలూ మనుషులూ అందరూ తిరిగొచ్చేస్తారు అని మందిరంలో అందరి ముందూ చెప్పాడు. వినడానికి ఎంత హాయి! యిర్మీయా కూడా ముందు "ఆమేన్, అలాగే జరగాలి" అన్నాడు. ఆ తర్వాతే అది అబద్ధమని తేల్చి చెప్పాడు. ఆ ఏడాదే హనన్యా చనిపోయాడు. ఆ పక్క అధ్యాయమే ఈ ఉత్తరం. ఇవాళో రేపో వెళ్ళిపోతాం అని మూటలు సర్దుకుని కూర్చున్నవాళ్ళకి ఏం రాశాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మిమ్మల్ని ఏ పట్టణానికి పంపానో దాని క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థన చేయండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉంది అని (5 నుంచి 7).

బెంగుళూరులో ఉన్న తెలుగు సంఘానికి ఇంతకంటే సూటిగా తగిలే భాగం ఉందా చెప్పండి? మనల్ని ఎవరూ చెరపట్టి తేలేదు, జీతానికి వచ్చాం, ఆ తేడా తేడానే. అయినా మన వాలకం చూడండి. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటాం, కన్నడ "స్వల్ప స్వల్ప" దగ్గరే ఆపేస్తాం, ధ్యాసంతా క్రిస్మస్‌కి ఊరి బస్సు టికెట్ మీద. 2024 వేసవిలో బోర్లు ఎండి నగరమంతా ట్యాంకర్ల కోసం అల్లాడినప్పుడు మా సంఘంలో మా మా అపార్ట్‌మెంట్ల కోసం గట్టిగా ప్రార్థన చేశాం. ఊరి కోసం చేసిన గుర్తు లేదు. 7వ వచనం ఎవరైనా చదివి వినిపిస్తే పక్క వీధి సంగతి కూడా అడిగేవాళ్ళం. 11 ఒక్కటే కత్తిరించుకుంటే అది నా ఇల్లు, నా సీటు అయిపోతుంది.

కేఆర్‌పురం_అక్క
ఇలా చెప్తే ఎవరు వద్దంటారు బ్రదర్? ఆ ఇళ్ళు, తోటల సంగతి నేను ఎప్పుడూ వినలేదు. కానీ అందరు పాస్టర్లకీ ఇంత విడమరచి చెప్పే వీలుంటుందా, అదీ చూడండి.

పాస్టరుగారబ్బాయి
అక్క అన్నది నిజం. ఇక్కడ అందరూ వినేవైపు నుంచి మాట్లాడుతున్నారు, చెప్పే ఇంట్లో పెరిగినవాడిగా నా మాట వినండి.

మా నాన్న పాస్టరు. సోమవారం సెలవు అంటారు గానీ ఎప్పుడూ సెలవు చూడలేదు. ఒకరింట్లో గృహప్రవేశ ప్రార్థన, ఒకరికి ఆసుపత్రిలో ఆపరేషన్, తాగొచ్చి భార్యని కొట్టినవాడి పంచాయితీ, సమాధికి స్థలం దొరక్క తిరగడం, కాలేజీ సీటుకి లెటరు. బుధవారం గృహ కూటం, శుక్రవారం ఉపవాస ప్రార్థన. ఆ రెంటికీ వేరే వేరే వాక్యాలు. శనివారం రాత్రి పదకొండింటికి ఆయన వంటింట్లో టేబుల్ దగ్గర బైబిల్, వైట్ పేపర్ పెట్టుకుని కూర్చునేవాడు. ఆ టైములో మనిషికి తట్టేది తెలిసిన వచనమే. చిన్న సంఘాల్లో నెల జీతం అనేది ఉండదు, కానుక పెట్టెలో వచ్చిందే. వ్యాఖ్యాన గ్రంథాలు కొనాలంటే మా స్కూలు ఫీజు ఆగాలి.

ఆశ్చర్యం ఏమిటంటే ఆయన ఒకసారి ఫిలిప్పీ పత్రిక, అంటే పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, వరసగా మొదలుపెట్టాక పని తగ్గింది. "ఈ వారం ఏ వచనం" అన్న వెతుకులాట లేదు, పోయిన వారం ఆపిన చోటే మొదలు. 4:13 వచ్చేసరికి నాకు బాగా గుర్తు. పరీక్షల ముందు పిల్లలందరికీ రాసిచ్చే వచనం అది, "సమస్తమును చేయగలను" అని. ముందు రెండు వచనాలు చదివి, జైల్లో ఉన్న మనిషి ఆకలిగా ఉన్నా కడుపు నిండినా సర్దుకుని ఉండడం నేర్చుకున్నానని చెప్తున్న మాట ఇది, ఫస్ట్ క్లాసు గురించి కాదు అన్నారు. నా పక్కన కూర్చున్న ఇంటర్ కుర్రాడి మొహం చూడాలి.

కిటికీలో_ఐతుకు
ఆ కుర్రాడు నేనేనేమో. సప్లిమెంటరీలో మాత్రం సర్దుకుని ఉండడం బాగా నేర్చుకున్నా.

లెక్షనరీ_లలిత
మా సి.ఎస్.ఐ.లో (దక్షిణ భారత సంఘం) ఈ గొడవ సగం లేదు. ప్రతి ఆదివారానికీ ఒక అంశం, పాత నిబంధన పాఠం, పత్రిక పాఠం, సువార్త పాఠం, కీర్తన ముందే అచ్చయి ఉంటాయి. అయ్యగారికి ఇష్టమైన వచనం అని ఉండదు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు ఒక్కటైన సంఘం మాది. తాతల నాటి పద్ధతులు వేరైనా ఆ ఆదివారం అందరూ వినే పాఠాలు ఒకటే అన్నది నాకు ఇష్టం.

మిగతా సగం గొడవ ఏంటంటారా? మూడు పాఠాలూ చదివించి, మూడింటినీ పక్కన పెట్టి, అయ్యగారు అంశం మీద సొంత ఉపన్యాసం ఇవ్వడం. "పర్యావరణ ఆదివారం" అనగానే ప్లాస్టిక్ కవర్ల మీద పావుగంట, చదివిన కీర్తన ఊసే లేదు.

చరిత్ర_చిట్టిబాబు
వరసగా చెప్పడం కొత్తదేం కాదు. నాలుగో శతాబ్దంలో అంతియొకయలో క్రిసోస్తమ్ ఒక్క మత్తయి మీదే 90 ప్రసంగాలు చేశాడు. జూరిక్‌లో సంస్కర్త జ్వింగ్లీ 1519 జనవరి 1న ఆనవాయితీ పాఠాలు పక్కన పెట్టి మత్తయి మొదటి అధ్యాయంతో మొదలుపెట్టాడు. ఇంకో సంస్కర్త కాల్విన్‌ని 1538లో జెనీవా నుంచి వెళ్ళగొట్టారు. 1541లో తిరిగొచ్చి, తిట్టకుండా, ఆపిన వచనం తర్వాత నుంచి అందుకున్నాడు.

కిటికీలో_ఐతుకు
వెళ్ళగొట్టినా తిరిగొచ్చి అదే పేజీ తీశాడంటే జెనీవా వాళ్ళకి గట్టిగానే బుద్ధొచ్చుంటుంది.

శనివారంపూజ_సంధ్య
కథోలికుల వైపు నుంచి ఒక మాట. మాకు 3 ఏళ్ళ చక్రం. ఒక ఏడాది మత్తయి, ఒక ఏడాది మార్కు, ఒక ఏడాది లూకా, పాస్కా (ఈస్టర్) కాలానికీ పెద్ద పండగలకీ యోహాను ఎక్కువ. ఫాదర్ గారు ఎక్కువగా ఆ రోజు పాఠాల మీదే చెప్తారు. 2024 జూన్‌లో పోప్ ఫ్రాన్సిస్ గురువులకి ప్రసంగం 8 నిమిషాలు దాటొద్దన్నారు, ఆ తర్వాత జనం నిద్రపోతారని, అది వాళ్ళ తప్పు కాదని. ముప్పావు గంట ఎందుకండీ మీకు?

కిటికీలో_ఐతుకు
8 నిమిషాలా? మా దగ్గర "చివరిగా ఒక్క మాట చెప్పి ముగిస్తాను" అన్నదే అంతకంటే పొడుగు.

సైటుకాడ_ఓబులేసు
అన్నలారా, మీరంతా ఏసీ ఆఫీసోళ్ళు మాట్లాడుకుంటాండారు. మాది అనంతపురం సైడు. వైట్‌ఫీల్డు ఆవల రేకుల షెడ్డులో కూటం పెట్టుకుంటాం. వచ్చేదంతా బేల్దారి పనోళ్ళు, సెంట్రింగోళ్ళు, వాళ్ళ ఆడోళ్ళు. సగం మందికి చదువు రాదు. మాకు ఒక్క వచనమే ముద్దు. పాస్టరు చెప్తాడు, మేం మూడు మాట్లు గట్టిగా చెప్తాం, నోటికొస్తాది, వారమంతా సైటు మీద అదే తోడు. అధ్యాయం అంతా యాడ గుర్తు పెట్టుకునేది?

కానీ ఒకటి చెప్తా. ఒక తూరి పాస్టరు రూతు కత మొత్తం చెప్పినాడు, నాలుగే అధ్యాయాలు గదా. వచనం గిచనం లేదు, కత మాదిరే. బేత్లెహేములో కరువొచ్చి పొట్ట చేతబట్టుకోని మోయాబుకు పోయిన కుటుంబం. ఆడ మొగోళ్ళు ముగ్గురూ సచ్చిపోతే ముసిలామె వట్టి చేతుల్తో తిరిగొచ్చింది. ఎంట వచ్చిన కోడలు పిల్ల రూతు, కోత అయిన చేలో పరిగె ఏరుకోని అత్తను సాకింది. మా ఆడోళ్ళు ఊర్లో సెనక్కాయ చేలల్లో పరిగె ఏరినోళ్ళే. ఒక్కరు గూడా కునికిపాట్లు పడలా. అయిపోయినాక ఒక పెద్దామె లేసి "ఆ చేను రెడ్డి ఎవురో మంచోడే, కావాలనే కంకులు వదిలిపెట్టించినాడు" అనింది. పాస్టరు నవ్వి, ధర్మశాస్త్రంలోనే ఉంది, చేను మూలలు పూర్తిగా కోయొద్దని, అది బీదోళ్ళకు పరదేశులకు అని (లేవీయకాండము 19) చెప్పినాడు. ఆ మాటకు కూలి బాకీ పెట్టిన మేస్త్రీ ఒకడు మాతోనే కూచోనుండాడు. తల గోక్కున్యాడు.

పాత_బెరయ
ఓబులేసన్నా, ఈ చర్చ మొత్తంలో మంచి వ్యాఖ్యానం ఆ పెద్దామెదే.

పెరంబూర్_ప్రకాశం
చెన్నై నుంచి రాస్తున్నా. ఓబులేసన్న చెప్పినట్టు చదువు రాకపోవడం ఒకటైతే మా దగ్గర ఇంకోటి. తరాల క్రితం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం చదవలేరు. ఒళ్ళో తమిళ బైబిల్, చెవిలో తెలుగు ప్రసంగం. అందుకని ప్రసంగానికి ముందు అధ్యాయం మొత్తం ఒకరు నిలబడి నిదానంగా చదివి వినిపించే పద్ధతి పెట్టాం. వంతుల వారీగా. రిటైరైన రైల్వే ఆయన చదివితే వినాలి, ఏ యాక్టరూ పనికిరాడు.

నెహెమ్యా 8 చూడండి. ఎజ్రా పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీటి గుమ్మం ముందు మైదానంలో ధర్మశాస్త్రం చదివాడు, లేవీయులు అర్థం చెప్పారు. జనం ఏడ్చారు. అప్పుడు ఎజ్రా, లేవీయులు ఏమన్నారో తెలుసా? ఏడవకండి, వెళ్ళి కొవ్విన మాంసం తినండి, తియ్యనివి తాగండి, ఏమీ లేనివాళ్ళకి పంపించండి అన్నారు. అందుకే మా దగ్గర ఆరాధన తర్వాత భోజనం తప్పనిసరి.

కిటికీలో_ఐతుకు
అడ్రస్ పంపండి. వాక్యం కోసమే.

ఎస్తేరు_ఈసిటీ
వరసగా చెప్పడంలో ఒక లాభం ఎవరూ అనలేదు. నేను ఇంతకు ముందు వెళ్ళే సంఘంలో మా ఇంటి సమస్య ఒకటి ప్రార్థన కోసమని పాస్టరమ్మ గారికి చెప్పుకున్నా. వచ్చే ఆదివారం అదే వేదిక మీద "ఒక సహోదరి" కథగా వచ్చేసింది. పేరు లేదు, కానీ వివరాలన్నీ ఉన్నాయి. వెనక వరసలోంచి తలలు నావైపు తిరిగాయి. దానికి తగ్గ వచనం వెతికి మరీ పెట్టారు. ఇక ఆ గుమ్మం తొక్కలేదు. ఆపిన చోటు నుంచే మొదలయ్యే సంఘంలో కనీసం వచనాన్ని నా మీదికి గురిపెట్టలేరు.

పాస్టరుగారబ్బాయి
సిస్టర్, అది ఘోరం. నాన్న ఇల్లు దాటని మాటలు ఎన్ని మోసేవాడో నాకు తెలుసు, అలా చేసేవాళ్ళని చూస్తే ఆయనకి మండేది. కాకపోతే వరసగా చెప్పినా అనుమానాలు పోవు. ఆస్తి తగాదాలో ఉన్న అన్నదమ్ములు ఎదురుగా కూర్చున్న రోజే లూకా 12:13 వచ్చింది, "స్వాస్థ్యంలో నాకు పాలు పంచిపెట్టమని నా సహోదరునితో చెప్పు" అన్నది. నాన్న గజగజ వణికి చెప్పారు. వాళ్ళిద్దరూ చాన్నాళ్ళు మాతో మాట్లాడలేదు. తమలో తాము మాత్రం మాట్లాడుకున్నారట, ఈ పాస్టర్ని ఏం చేద్దామని.

దశమభాగం_బాధితుడు
దశమభాగం తెమ్మనే మలాకీ 3:10 సంగతి ఎవరూ ఎత్తరేం? నెలకోసారి అది తప్పదు. అదే పుస్తకంలో 1, 2 అధ్యాయాల్లో కుంటి గొర్రెల్నీ గుడ్డి గొర్రెల్నీ బలిపీఠం మీద పెట్టిన యాజకుల్ని దేవుడు కడిగేస్తాడు. ఆ ప్రసంగం ఎప్పుడు?

లెక్కలు_చూసేవాణ్ణి
మా సంఘం ఖజానా నా చేతిలోనే ఉంది కాబట్టి చెప్తున్నా. హాలు అద్దె, మైకు సెట్టు, జనరేటర్, పాస్టరు గారి ఇంటి అద్దె. నెలాఖరుకి నా జేబులోంచి వేసిన సందర్భాలున్నాయి. మలాకీ చెప్పొద్దంటే చెప్పొద్దు, హాలు ఓనరుకి ఏ వచనం చూపించాలో మీరే చెప్పండి.

దశమభాగం_బాధితుడు
లెక్కలు నోటీసు బోర్డు మీద పెట్టండి, వచనం అక్కర్లేదు. జనం ఇస్తారు.

లెక్కలు_చూసేవాణ్ణి
పెట్టాం. ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పి "మైకుకి ఇంతా" అన్నారు.

మోడరేటర్
కానుకల గొడవకి వేరే చర్చ ఉంది, అక్కడ కొట్టుకోండి. సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేశాను.

లెక్షనరీ_లలిత
మనోహర్ గారు అడిగిన రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎలా చెప్పాలి? మత్తయి 18:15 ప్రకారం ఒంటరిగా వెళ్ళి చెప్పడమే కదా.

పాత_బెరయ
అది తప్పు చేసిన సహోదరుడి విషయంలో చెప్పింది. ఈయనేం పాపం చేశాడు? అన్నట్టు అదే భాగం చివర్లో ఉన్న "ఇద్దరు ముగ్గురు" వచనాన్ని వానొచ్చి జనం తగ్గిన ప్రతి ఆదివారం వాడేస్తాం. అక్కడి సందర్భం తగువు తీర్చడం, హాజరు కాదు. మనోహర్‌కి పనికొచ్చేది అపొస్తలుల కార్యములు 18. అపొల్లో గొప్ప వక్త, లేఖనాల్లో గట్టివాడు, కానీ యోహాను బాప్తిస్మం దాకే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల దంపతులు సమాజమందిరంలో లేచి పట్టుకోలేదు. ఆయన్ని చేర్చుకుని ఇంకా పూర్తిగా విడమరచి చెప్పారు.

కేఆర్‌పురం_అక్క
ప్రిస్కిల్ల పేరు మింగేయకుండా చెప్పినందుకు థాంక్స్ బ్రదర్. మనోహర్, భోజనానికి పిలువు. మీ ఆవిడని కూడా మాట్లాడనివ్వు. బిర్యానీ తిన్నాక ఎత్తు, ముందు వద్దు.

హూడి_మనోహర్
పిలిచాం. బిర్యానీ కాదు, నాటుకోడి.

విమర్శ అనిపించకుండా ఎలా మొదలుపెట్టాలా అని నేను నానుస్తుంటే మా ఆవిడే "అయ్యగారూ, యిర్మీయా 29 మొదటి నుంచి చెప్తే వినాలని ఉంది" అనేసింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, బైబిల్ కాలేజీలో వరసగానే నేర్పారని, ఇక్కడికొచ్చాక అలా మొదలుపెడితే రెండు కుటుంబాలు ప్రసంగంలో "అభిషేకం (ఆత్మ ప్రభావం) లేదు" అని వేరే సంఘానికి వెళ్ళిపోయాయని చెప్పారు. నాకిది తెలియదు. అంటే మేమే ఆయన్ని ఇలా అలవాటు చేశామన్నమాట.

మార్కు సువార్త మొదలుపెడతానన్నారు. రెండు షరతులు. ప్రసంగానికి ముందు భాగం మొత్తం మా ఆవిడ చదవాలి. శనివారం సాయంత్రం ఎవరైనా నలుగురు వచ్చి ఆయనతో కలిసి ఆ భాగం చదివి ప్రశ్నలు అడగాలి, అప్పుడే ఎక్కడ అర్థం కావట్లేదో ఆయనకి తెలుస్తుందట. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఉంటుంది కాబట్టి ఆ రోజు మాత్రం పాత పద్ధతే.

పాస్టరుగారబ్బాయి
శనివారం షరతు బంగారం. మా నాన్నకి అలాంటి నలుగురు ఉంటే ఎలా ఉండేదో. ఒక హెచ్చరిక: మంచి శుక్రవారానికి వరస ఆగిపోతుంది, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు ఏడుగురికి పంచాలి. మొదటి ముగ్గురూ తలో అరగంట లాగేస్తారు, ఏడో మాట వాడికి రెండు నిమిషాలు మిగులుతాయి. నాకు ఎప్పుడూ ఏడోదే ఇస్తారు.

కేఆర్‌పురం_అక్క
రెండు కుటుంబాలు వెళ్ళిపోయిన సంగతి చదివి నాకు కోపమొచ్చింది. అయినా నా మాట నాదే. విప్పి చెప్పండి, కానీ చివర్లో ఏడుస్తూ కూర్చున్నదానికి కూడా ఒక మాట ఉండాలి. అది లేకపోతే నేనూ మూడో కుటుంబాన్నే.

ఎస్తేరు_ఈసిటీ
శనివారం కూటం ఆన్‌లైన్‌లో పెడితే నేనూ వస్తా. సిల్క్ బోర్డు దాటి హూడి రావడం అంటే ఆ ముసిలామె మోయాబు ప్రయాణమే.

సైటుకాడ_ఓబులేసు
మేము రూతు అయినాక యోనా పట్టుకున్యాం, అది గూడా నాలుగు అధ్యాయాలే. చేప కాడికొచ్చినాం. ఇప్పుడు మా పాస్టరు వాళ్ళ నాయనకు బాగలేక ఊరికి పోయినాడు. వచ్చే ఆదివారం రెండో అధ్యాయం చెప్పేకి మనిషి లేడు. ఈడ ఇంతమంది ఉండారు గదా, ఎవురన్నా వస్తారా? పొద్దున ఏడుకే పెట్టుకుంటాం, ఎనిమిదిన్నరకు కొందరికి పని ఉంటాది. బండి చార్జీ ఇస్తాం. కత మాదిరి చెప్తే చాలు.

పాత_బెరయ
లొకేషన్ నాకు మెసేజ్ పెట్టన్నా. ప్రకాశం గారిలా చదివేవాళ్ళు ఎవరైనా తోడు వస్తే బాగుంటుంది, నా గొంతు అంత బాగోదు.

పాస్టరుగారబ్బాయి
చదవడానికి నేను వస్తా. ఏడింటికా? మారతహళ్ళిలో నన్ను ఎక్కించుకోండి.